మొద్దు దగ్గర మొరాయించే యంత్రం: తప్పు పంపుదేనా?

సూరత్ నగరంలోని ఖటోదరా ఒక పారిశ్రామిక వాడ. బతుకుతెరువు వెతుక్కుంటూ తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లిన నేత కుటుంబాలు ఆ నగరంలో తరతరాలుగా ఉంటున్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడిపేంతగా మన భాష అక్కడ వేళ్లూనుకుంది. అలాంటి కుటుంబంలో పుట్టి, మగ్గం వదిలి ఫిట్టర్ పనిలోకి మారిన ఒకతణ్ణి ఊహించుకుందాం.

బట్టల బేళ్లను అదిమి కట్టే పాత ప్రెస్సు నుంచి తీసిన ఒక సిలిండర్ అతనికి దొరికింది. దానికి ఒక గేర్ పంపు, ఒక మోటారు, గొడ్డలి మొన లాంటి ఉక్కు బ్లేడు జోడించి కట్టెలు చీల్చే యంత్రం తయారుచేశాడు. స్విచ్ వేసి లివర్ తోస్తే రాడ్డు చక్కగా ముందుకు వెళ్లింది, వెనక్కి వచ్చింది. చుట్టూ చేరినవాళ్లు చప్పట్లు కొట్టారు. తర్వాత బ్లేడు ముందు ఒక చింత మొద్దు పెట్టారు. రాడ్డు వచ్చి మొద్దును ముట్టుకుంది, రెండంగుళాలు దిగింది, అక్కడే ఆగిపోయింది. మోటారు తిరుగుతూనే ఉంది, మొద్దు మాత్రం చెక్కుచెదరలేదు.

"అన్నా, పంపు పోయింది. కొత్తది తెద్దాం" అన్నాడు పక్కనున్న కుర్రవాడు.

ఇంట్లో తయారైన హైడ్రాలిక్ యంత్రం మొరాయిస్తే ఎక్కువమంది నోట మొదట వచ్చే మాట ఇదే. యంత్రంలో ఖరీదైన భాగాల్లో పంపు ఒకటి. తీరా కొత్తది బిగించాక కూడా రాడ్డు అక్కడే ఆగితే డబ్బూ పోతుంది, నమ్మకమూ పోతుంది. కాబట్టి స్పానర్ పట్టుకునే ముందు ఒక చిన్న సూత్రాన్ని అర్థం చేసుకోవాలి. ఆ తర్వాత లోపం ఎక్కడుందో యంత్రమే ఒక్కో ఆనవాలుతో చెబుతుంది.

పంపు నిజంగా చేసే పని

పంపు ఒత్తిడిని పుట్టిస్తుందని అందరం అనుకుంటాం. నిజానికి పంపు చేసే పని నూనెను తోయడం ఒక్కటే. ఆ నూనెకు ఎదురు తగిలినప్పుడే పీడనం పుడుతుంది. తోటలో గొట్టం వదిలేస్తే నీళ్లు మెల్లగా పారతాయి. మూతికి బొటనవేలు అడ్డం పెడితే చిమ్ముతాయి. బొటనవేలు కొత్తగా నీళ్లను తేలేదు, అడ్డుపడిందంతే. మన యంత్రంలో బొటనవేలి స్థానంలో ఉన్నది చింత మొద్దు.

అందుకే ఖాళీగా తిరిగినప్పుడు యంత్రం బాగున్నట్టు కనిపించింది. అప్పుడు రాడ్డుకు ఎదురు లేదు, పీడనం అవసరమే పడలేదు. మొద్దు అడ్డు వచ్చాక పీడనం పెరగాలి. పెరగలేదంటే నూనె మొద్దును తప్పించుకుని ఇంకో సులువైన దారిలో పోతోందన్నమాట. అది ఏ దారి అన్నదే అసలు ప్రశ్న.

ఈ లెక్కకు మూలం ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ చెప్పిన నియమం. మూసిన పాత్రలోని ద్రవంపై ఒకచోట వేసిన పీడనం అన్ని దిక్కులకూ సమానంగా వ్యాపిస్తుంది. ఆయన 1662లో చనిపోగా, ద్రవాల సమతుల్యత గురించి రాసిన గ్రంథం మరుసటి ఏడాది అచ్చయింది.

మన యంత్రానికి అంకెలు వేసి చూద్దాం. సిలిండర్ బోరు 100 మిల్లీమీటర్లు అనుకుంటే పిస్టన్ వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు. పీడనం 160 బార్ అయితే ప్రతి చదరపు సెంటీమీటరుపై దాదాపు 163 కిలోల బరువు మోపినట్టు. మెకానిక్కులు 'కేజీ ప్రెషర్' అనేది దీన్నే. రెండూ గుణిస్తే సుమారు 12.8 టన్నుల బలం వస్తుంది. పీడనం 60 బార్ దగ్గరే ఆగిపోతే అదే సిలిండర్ ఇచ్చే బలం 4.8 టన్నులే. తిన్నగా పెరిగిన సరుగుడు దుంగ ఆ బలానికి చీలిపోవచ్చు. మాంసం దుకాణంలో కత్తి దెబ్బలకు ఏళ్ల తరబడి ఓర్చుకునే చింత మొద్దు, అందులోనూ కణుపులు ఉన్నది, అంత తేలిగ్గా లొంగదు.

బలం తక్కువా, వేగం తక్కువా?

హైడ్రాలిక్ యంత్రానికి వచ్చే జబ్బులను ముందు రెండుగా విడదీయాలి. బలం పీడనం మీద, వేగం నూనె ప్రవాహం మీద ఆధారపడతాయి. 'పనిచేయడం లేదు' అని ఊరుకోకుండా ఏది తగ్గిందో చెప్పగలిగితే సగం వైద్యం అయినట్టే.

బలాన్ని కొలవడానికి పీడనమాపకం, అంటే ప్రెషర్ గేజ్ కావాలి. ఇంట్లో చేసిన చాలా యంత్రాలకు ఇదే ఉండదు. జ్వరం చూడకుండా మందు ఇవ్వడం లాంటిది ఇది. పంపు నుంచి బయటికి వచ్చే గొట్టం మీద, యంత్రం గరిష్ఠ పీడనం కంటే ఎక్కువ చూపగల గేజ్ ఒకటి బిగించాలి. రాడ్డును చివరిదాకా పోనిచ్చి, లివర్‌ను రెండు మూడు సెకన్లు మాత్రం అలాగే పట్టుకోవాలి. గేజ్ 160కి వెళ్లిందంటే పంపు, రిలీఫ్ వాల్వు, పిస్టన్ సీలు మూడూ తమ పని చేస్తున్నట్టే. అప్పుడు లోపాన్ని బ్లేడు పదునులోనో, మొద్దు కణుపులోనో, సిలిండర్ చాలకపోవడంలోనో వెతకాలి.

గేజ్ దొరికేలోపు ఎలక్ట్రీషియన్ల టాంగ్ టెస్టర్ కూడా సాయం చేస్తుంది. పీడనం పెరిగితే మోటారు ఎక్కువ కరెంటు లాగాలి. రాడ్డు మొద్దు దగ్గర ఆగినా ఆంపియర్లు పెరగలేదంటే పీడనం పుట్టడం లేదనే అర్థం. ఆంపియర్లు బాగా పెరిగి మోటారే ఆగిపోతుంటే మోటారు శక్తి చాలడం లేదు.

వేగాన్ని కొలవడానికి చేతి గడియారం చాలు. నిమిషానికి 20 లీటర్లు తోసే పంపుతో మన సిలిండర్ రాడ్డు సెకనుకు 4.2 సెంటీమీటర్లు కదలాలి. 60 సెంటీమీటర్ల దూరానికి 14 సెకన్లు పడుతుంది. 20 సెకన్లు పట్టిందంటే దాదాపు 30 శాతం నూనె సిలిండర్‌కు చేరడం లేదన్నమాట.

ఇక్కడ శక్తి లెక్క కూడా చూడాలి. 160 బార్ దగ్గర 20 లీటర్లు తోయాలంటే పంపు నష్టాలతో కలిపి 6.3 కిలోవాట్ల దాకా కావాలి. అంటే 10 హార్స్‌పవర్ మోటారు. ఇంటి సింగిల్ ఫేజ్ లైనుపై నడిచే 3 హార్స్‌పవర్ మోటారు అదే పీడనం దగ్గర 7 లీటర్లే తోయగలదు. స్ట్రోకుకు 40 సెకన్లు పడుతుంది. కట్టెలు చీల్చే యంత్రాలకు రెండు దశల పంపు వాడేది ఇందుకే. ఎదురు లేనప్పుడు ఎక్కువ నూనె తోసి రాడ్డును త్వరగా తెస్తుంది, మొద్దు తగలగానే ప్రవాహం తగ్గించి పీడనం పెంచుతుంది. ఇలాంటి పంపు ఉన్న యంత్రం మొద్దు దగ్గర నెమ్మదించడం జబ్బు కాదు, దాని తీరే అంత.

పంపుకు ఊపిరి ఆడుతోందా?

పంపు ట్యాంకులోంచి నూనెను పీల్చుకుంటుంది అంటాం. సరిగ్గా చెప్పాలంటే పంపు తన నోటి దగ్గర ఖాళీ కల్పిస్తుంది. నూనెను అక్కడికి నెట్టేది ట్యాంకు పైనున్న వాతావరణ పీడనం. అది సుమారు ఒక్క బార్ మాత్రమే. బయటికి 160 బార్‌తో తోసే పంపుకు లోపలికి నూనె అందేది ఒక్క బార్ దయ మీదే. అందుకే లోపలి గొట్టంలో చిన్న అడ్డం కూడా పెద్ద చిక్కు తెస్తుంది.

ఇంటి యంత్రాల్లో తరచూ జరిగే పొరపాటు ఆ గొట్టాన్ని సన్నగా వేయడం. 20 లీటర్ల ప్రవాహానికి 12 మిల్లీమీటర్ల గొట్టం వేస్తే అందులో నూనె సెకనుకు దాదాపు 3 మీటర్ల వేగంతో పరుగెత్తాలి. 25 మిల్లీమీటర్ల గొట్టంలో అది 0.7 మీటర్లకు తగ్గుతుంది. పంపులోకి వెళ్లే గొట్టంలో వేగం సుమారు ఒక మీటరు దాటకుండా చూసుకోవడం మంచి పద్ధతి. మూసుకుపోయిన జల్లెడ, సగమే తెరిచిన ట్యాంకు కుళాయి, గాలి ఆడని ట్యాంకు మూత కూడా ఇదే బాధ పెడతాయి.

నూనె చాలకపోతే పంపు నోటి దగ్గర పీడనం పడిపోయి బుడగలు ఏర్పడతాయి. పీడనం ఎక్కువున్న వైపు చేరగానే అవి పేలినట్టు కుంచించుకుపోయి లోహాన్ని కొరుకుతాయి. దీన్ని కావిటేషన్ అంటారు. పంపు కీచుమంటూ అరుస్తుంటే దీన్ని అనుమానించాలి. వదులైన క్లిప్పు దగ్గర బయటి గాలే లోపలికి దూరితే కూడా పంపు గోల చేస్తుంది, అయితే అప్పుడు ట్యాంకులో నురగ కనిపిస్తుంది. లోపలి గొట్టం అతుకుల మీద ఒక్కొక్కటిగా గ్రీజు పూయండి. ఏ అతుకు దగ్గర చప్పుడు మారితే గాలి దూరేది అక్కడే.

ఇంకో రెండు విషయాలు మరిచిపోకూడదు. త్రీ ఫేజ్ లైనులో రెండు వైర్లు తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది, పంపు నూనె తోయదు, షాఫ్టు సీలు కూడా దెబ్బతినవచ్చు. మోటారుకూ పంపుకూ మధ్య కప్లింగులో కీ తెగితే మోటారు హాయిగా తిరుగుతుంది, పంపు కదలదు. ఈ రెంటినీ మోటారు ఆపి, ఆ తర్వాత పక్కన నిలబడి చూసి తేల్చుకోవచ్చు. పైసా ఖర్చు లేదు.

నూనె రంగు, యంత్రం వేడి

గాజు సీసాలో కాస్త నూనె పట్టి వెలుతురులో చూడండి. నురగ వల్ల తెల్లబడిన నూనె కొంతసేపు కదపకుండా ఉంచితే తేటపడుతుంది. నీరు కలిసిన నూనె పాలు కలిపినట్టు అలాగే ఉండిపోతుంది. సముద్రానికి దగ్గరగా, తాపీ నది ఒడ్డున ఉన్న సూరత్ లాంటి చోట వానాకాలపు తేమ ట్యాంకులోకి చేరడం కష్టమేమీ కాదు. పగలు వేడెక్కి రాత్రి చల్లారే ట్యాంకు గాలిని వదులుతూ పీలుస్తూ ఉంటుంది. ఆ గాలితోపాటు తేమ వస్తుంది. మూతకు వడపోత ఉన్న బ్రీదర్ పెట్టడం, ట్యాంకును ఎండావానల్లో వదలకపోవడం దీనికి మందు.

నూనె చిక్కదనం కూడా ముఖ్యమే. డబ్బా మీద ఉండే 46, 68 అంకెలు 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ నూనె స్నిగ్ధతను చెబుతాయి. వేడెక్కేకొద్దీ నూనె పలచబడి, అరిగిన భాగాల సందుల్లోంచి సులువుగా జారిపోతుంది. పొద్దున బాగా పనిచేసి మధ్యాహ్నానికి నీరసపడే యంత్రంలో పంపో సీలో అరిగిందని అనుమానించవచ్చు. పొద్దున్నుంచీ ఒకే తీరుగా బలహీనంగా ఉంటే అది అరుగుదల లక్షణం కాదు. ఏదో ఒకటి సగం తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండాలి.

వేడి ఇంకో రహస్యం కూడా చెబుతుంది. నూనె పనిచేయకుండా ఎక్కువ పీడనం నుంచి తక్కువ పీడనానికి జారిపోతే, ఆ శక్తంతా వేడిగా మారుతుంది. 160 బార్ నుంచి ఊరికే జారిన నూనె ఒక్క దాటులోనే దాదాపు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. లోపల కారే చోటు కంటికి కనబడదు, కానీ దాని ఒళ్లు కాలుతుంది. కరోనా కాలంలో నుదుటి ముందు పెట్టి జ్వరం చూసిన పరికరంలాగే, యంత్రాల వేడి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్లు ఉన్నాయి. దాన్ని పంపు, వాల్వు, సిలిండర్ మీద వరసగా చూపిస్తే మిగతా వాటికంటే వేడిగా ఉన్న భాగమే మొదటి అనుమానితురాలు.

రిలీఫ్ వాల్వు ఉన్నది పీడనం హద్దు దాటితే నూనెను ట్యాంకుకు మళ్లించి గొట్టాలనూ మనుషులనూ కాపాడటానికి. స్ప్రింగు అదిమి పట్టిన చిన్న మూత అది. దాని కింద ఇనుప రజను ఒక్కటి ఇరుక్కున్నా పూర్తిగా మూసుకోదు. అప్పుడు స్క్రూ బిగిస్తూ పోవడం చాలా ప్రమాదం. ఆ రజను ఒక్కసారిగా జారిపోతే మూత గట్టిగా పడి పీడనం హద్దు మీరుతుంది. ముందు విప్పి శుభ్రం చేయాలి. తర్వాత స్క్రూను వదులు చేసి, గేజ్ చూస్తూ కొంచెం కొంచెంగా బిగించాలి. వాల్వు నిరంతరం తెరుచుకుని ఉంటే మన యంత్రంలోని 5 కిలోవాట్లకు పైగా శక్తి నూనెను కాచడానికే పోతుంది. 40 లీటర్ల నూనె నిమిషానికి దాదాపు 5 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది.

సీలు కథ

హైడ్రాలిక్ ప్రెస్సుకు 1795లో పేటెంటు పొందిన జోసెఫ్ బ్రామా లండన్‌లో తాళాలు తయారుచేసేవాడు. ఆయన్ని మొదట వేధించిన సమస్య కూడా కారడమే. పిస్టన్ చుట్టూ ఎంత బిగించినా నూనో నీరో కారేది. కారకుండా బిగిస్తే పిస్టన్ కదిలేది కాదు. ఆయన కార్ఖానాలో పనిచేసిన హెన్రీ మాడ్స్‌లే గిన్నె ఆకారపు తోలు సీలు వేశాడని చెబుతారు. పీడనం పెరిగితే ఆ గిన్నె అంచులు తమంతట తామే విచ్చుకుని గోడకు అతుక్కుంటాయి. పీడనం తగ్గితే వదులై పిస్టన్‌ను కదలనిస్తాయి. ఈనాటి రబ్బరు, పాలీయురేథేన్ సీళ్లు చాలావాటిలో ఉన్నది ఇదే ఉపాయం. అందుకే సీలు పెదవి ఏ వైపు ఉండాలో చూసి వేయాలి. తలకిందులుగా వేసిన కొత్త సీలు పాతదానికంటే అన్యాయం.

పిస్టన్ సీలు కారుతోందో లేదో తెలుసుకోవడానికి సిలిండర్ విప్పనక్కర్లేదు. మోటారు ఆపి, లివర్‌ను రెండు వైపులా ఆడించి, గేజ్ సున్నా చూపాక సిలిండర్‌కు వెళ్లే రెండు గొట్టాలనూ విప్పి, ఆ పీడనానికి తగిన ఉక్కు ప్లగ్గులతో గొట్టాల చివరలు మూయాలి. మళ్లీ మోటారు వేసి లివర్‌ను ఒక్క క్షణం తోస్తే, గేజ్ 160కి లేచిందంటే సిలిండరే దోషి. అప్పుడూ 60 దగ్గరే నిలిచిందంటే సిలిండర్ నిర్దోషి. దొంగ వాల్వులోనో పంపులోనో ఉన్నాడు.

రాడ్డు వెనక్కి రావడం నెమ్మదిస్తే ఇంకో లెక్క గుర్తుకు రావాలి. 50 మిల్లీమీటర్ల రాడ్డు కొంత చోటు ఆక్రమిస్తుంది కాబట్టి ఆ వైపు వైశాల్యం 58.9 చదరపు సెంటీమీటర్లే. పంపు ఆ వైపు 20 లీటర్లు తోస్తే అవతలి వైపు నుంచి 26.7 లీటర్లు బయటికి పోవాలి. తిరుగు గొట్టం, ఫిల్టరు ఆ ప్రవాహానికి తగ్గట్టు ఉండాలి. అలాగే రాడ్డు వైపు త్వరగా కలిపే కప్లింగు సరిగా పడకపోతే నూనెకు బయటికి దారి ఉండదు. అప్పుడు 160 బార్ కాస్తా ఆ వైపు 213 బార్ అవుతుంది. గొట్టం బలహీనమైతే పగలవచ్చు.

సూది మొనంత చిల్లు

డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు, వేలు పోతే తిరిగి రాదు. గొట్టంలో కంటికి కనిపించని చిల్లు పడితే నూనె సూదిలా చిమ్ముతుంది. 7 బార్ పీడనంతో చిమ్మే ధార కూడా చర్మంలోకి దూరగలదు. మన యంత్రంలో ఉన్నది దానికి ఇరవై రెట్ల పైమాట. గాయం చీమ కుట్టినంతే కనిపిస్తుంది, మొదట పెద్దగా నొప్పి కూడా ఉండకపోవచ్చు. లోపల మాత్రం నూనె కండరాల వెంట పాకి కణజాలాన్ని చంపుతుంది. ఆలస్యమైతే వేలో చెయ్యో తీసేయాల్సి రావచ్చు.

కాబట్టి కారే చోటును ఎప్పుడూ వేలితో తడిమి వెతకకండి. దూరం నుంచి ఒక అట్టముక్కను గొట్టం వెంట జరపండి, తడి అయిన చోట చిల్లు ఉంటుంది. ఎవరికైనా నూనె గుచ్చుకుంటే గాయం చిన్నదే కదా అని పసుపు అద్ది ఊరుకోకూడదు. వెంటనే శస్త్రచికిత్స చేసే ఆసుపత్రికి తీసుకెళ్లి, 'ఎక్కువ ఒత్తిడితో హైడ్రాలిక్ నూనె లోపలికి దూరింది' అని స్పష్టంగా చెప్పాలి. ఆ ఒక్క మాట చేతిని కాపాడవచ్చు.

మళ్లీ ఖటోదరాలో

మన ఫిట్టర్ ఇప్పుడేం చేస్తాడో చూద్దాం. నూనె తేటగానే ఉంది, నురగ లేదు, పంపు అరవడం లేదు. లోపలి గొట్టం బాగానే ఉంది. ఖాళీ స్ట్రోకుకు 14 సెకన్లే పట్టింది, కనుక పంపు పూర్తి నూనె తోస్తోంది. గేజ్ బిగించి చూస్తే 60 దగ్గర ఆగింది. ప్లగ్గులు పెట్టినా 60 దాటలేదు, కనుక సిలిండర్ బాగుంది. పొద్దునా మధ్యాహ్నమూ అదే అంకె, కనుక అరుగుదల కాదు. వాల్వు ఒళ్లు మిగతా భాగాలకంటే వేడిగా ఉంది. విప్పితే మూత కింద ఆవగింజంత వెల్డింగు రజను కనిపించింది. ట్యాంకును వెల్డింగు చేశాక లోపల సరిగా కడగకుండానే నూనె పోశాడు. తప్పంతా అక్కడ ఉంది.

రజను తీసి, ట్యాంకు కడిగి, నూనె వడగట్టి, తిరుగు గొట్టానికి ఒక ఫిల్టరు పెట్టాక గేజ్ 160కి లేచింది. చింత మొద్దు టప్పున రెండు చెక్కలైంది.

ఇది ఊహించిన కథే. అయినా ఇందులోని వరస ఏ హైడ్రాలిక్ యంత్రానికైనా పనికొస్తుంది. ప్రకాశం జిల్లాలో పొగాకు బ్యారన్ దగ్గర దుంగలు చీల్చే యంత్రమైనా, ట్రాక్టర్ ట్రాలీని ఎత్తే జాకీ అయినా, సూరత్‌లో బేళ్లు కట్టే ప్రెస్సయినా లోపలున్నది అదే ట్యాంకు, పంపు, వాల్వు, సిలిండర్. ముందు కళ్లతో చూడాలి, తర్వాత కొలవాలి, ఒక్కో భాగాన్నీ విడదీసి పరీక్షించాలి. విప్పడం, కొనడం ఆఖర్న. నూనె ఎప్పుడూ సులువైన దారినే వెతుక్కుంటుంది. ఆ దారి ఏదో కనిపెడితే యంత్రం బాగుపడినట్టే.